ఈరన్న భుజం మీద చెయ్యి

మా తమ్ముడు బయ్యన్న ఫోటో తీస్తే మనుషులకు కాళ్ళు ఉండవు. రాప్తాడులో ఎవరిని అడిగినా ముందు ఈ మాటే చెబుతారు. ఒకడు మోకాళ్ళ దగ్గర తెగిపోయి ఉంటాడు, ఒకడు నడుము దగ్గర. కొందరికి తల కూడా సగమే. ఫోటో అంటే ఎట్లా ఉండాలి? తల దువ్వుకొని, గుండీలు పెట్టుకొని, చేతులు కిందికి వదిలి నిటారుగా నిలబడితే పాదాల దాకా పడాలి. ఊరందరికీ తెలిసిన సంగతి ఇది. వాడికి తప్ప.

మొదట వాడు అనంతపురంలో శెనక్కాయల మిల్లులో మూటలు మోసేవాడు. వానలు లేవు, పంట లేదు, మిల్లుకు తాళం పడింది. బెంగళూరుకు పోయి ఎవరిదో పెద్ద ఇంట్లో గేటు దగ్గర కాపలా ఉన్నాడు. కొంతకాలానికి ఒక రేకు పెట్టె పట్టుకొని తిరిగి వచ్చాడు. ఎందుకు వచ్చావంటే, "ఆడ నన్ను ఎవురూ పేరు పెట్టి పిలవలేదక్కా" అన్నాడు. అదీ ఒక కారణమా!

పెట్టెలోంచి సబ్బుపెట్టె అంత నల్లది ఒకటి తీశాడు.

"ఇదేందిరా?"

"కెమెరా. ఆ ఇంటాయన కొత్తది కొనుక్కొని ఈ పాతది నాకిచ్చినాడు."

"నాకు తెస్తానన్న చీర యాడ?"

"చీర ఏంటికి? నిన్ను ఫోటో తీస్తా."

"ఈ సినిగిపోయిన గుడ్డలోనా? నీ చేతులిరగా!"

నేను ఇంకా తిడుతూనే ఉన్నాను, అది కీచుమంది. అందులో తిప్పేది ఏమీ లేదు, సరిచేసేది ఏమీ లేదు. కన్ను పెట్టి చూసి నొక్కడమే. రీలు తనంతట తానే లోపల జరుగుతుంది. ఆ ఫోటోలో నా నోరు బావి అంత తెరుచుకొని ఉంది. చేతిలో గరిటె లేచి ఉంది. వాడు తీసినవాటిలో అదే మంచిదని వాడు అంటాడు. దాన్ని నేను ఎవరికీ చూపించను.

అప్పటికి నేను హైవే పక్కన, బస్సులు ఆగే చోట ఉగ్గాని, బజ్జీల బండి పెట్టుకున్నాను. రేకుల కింద పొయ్యి, ముందర ఒక బెంచీ. మా ఆయన పోయిన తరవాత నాకు అదే ఇల్లూ వాకిలీ. బయ్యన్న పెళ్ళి చేసుకోలేదు కాబట్టి నా నెత్తిమీదే ఉన్నాడు.

పని లేనివాడు ఏదో ఒకటి చేయాలి కదా. ఆ కెమెరాతో పుట్టు వెంట్రుకలకు, పేరు పెట్టడాలకు, చౌడమ్మకు పొట్టేళ్ళు కోసే జాతరలకు పోయి ఫోటోలు తీసేవాడు. చనిపోయినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి దండ వేసి తీయమన్నా పోయేవాడు. ఒక రీలులో ముప్పయ్యారు బొమ్మలు పడతాయి. పుట్టు వెంట్రుకలకు అన్ని ఎందుకు? సగం కూడా కావు. రీలు అంతా అయితే తప్ప అనంతపురంలో స్టూడియో ఆయన దాన్ని కడగడు. ఇక్కడ పిల్లోడి తల్లి ఫోటోలు ఎప్పుడని పీకుతూ ఉంటుంది. మిగిలిన బొమ్మలు అయిపోగొట్టాలని వీడు రోడ్డు మీద పడేవాడు. ఆ జబ్బు అట్లా మొదలైంది.

ఏం తీసేవాడనుకున్నారు? నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి, ఆ బిందెకే తల ఆనించి నిద్రపోయిన ఆడమనిషి. లారీలు హారన్ కొడుతుంటే రోడ్డుకు అడ్డంగా మెల్లగా పోయే గొర్రెలు. బెంగళూరు బస్సు టాపు మీద చాపలూ వంట సట్లూ కట్టుకొని కూర్చున్న జనం. మంగలి కత్తి కింద మెడ చాచి కళ్ళు మూసుకున్న ముసలాయన. ఇవన్నీ ఎవరికి కావాలి?

"దేశం ఎండిపోయి జనం ఏడుస్తాంటే ఆ ఏడుపు ఫోటో తీసి ఏం చేసుకుంటావురా, ఊరగాయ పెట్టుకుంటావా?" అని అడిగాను.

"నిలబడు అంటే మనిషి బిగుసుకుంటాడక్కా. బిగుసుకోకముందే తీసెయ్యల్ల" అన్నాడు. నేనడిగింది ఒకటి, వాడు చెప్పింది ఇంకొకటి.

అయినా ఆ ఫోటోలు ఎవరివి వాళ్ళకు ఊరికే ఇచ్చేవాడు. తీసుకునేటప్పుడు "కాళ్ళు యాడప్పా?" అని తిట్టేవాళ్ళు. తిట్టి మడిచి జేబులో పెట్టుకునేవాళ్ళు. అట్లా వీధిలో వాడికి ఒక చోటు దొరికింది. కెమెరా బయటికి తీసినా ఎవరూ పట్టించుకోనంతగా అలవాటైపోయాడు. వాడికి కావలసింది కూడా అంతే.

ఈరన్న ఫోటో తీసింది వరసగా మూడో కరువు ఏడాది, మంచి ఎండల్లో. ఈరన్నకు రాళ్ళ చేను ఒకటి ఉంది. అందులో బోరు వేస్తే దుమ్ము లేచింది. అందుకని కుళ్ళాయప్ప, నాగన్నలతో కలిసి కూలికి బావులు లోతు చేయడానికి పోతున్నాడు. అప్పుడు శ్రీరంగప్ప బావి పని నడుస్తోంది. శ్రీరంగప్పకు భూములున్నాయి, హైవే పక్కన కాంపౌండు ఉంది. నా బండి ఆ కాంపౌండు గోడ నీడలోనే ఉండేది.

పొద్దున్నే ముగ్గురూ పనికి పోతూ నా బెంచీ మీద కూర్చున్నారు. నాగన్న ఆ చివర, ఈరన్న మధ్యలో, కుళ్ళాయప్ప ఈ చివర. కుళ్ళాయప్ప ఉంటే అక్కడ నవ్వు ఉంటుంది.

"ఇంగా ఎంత లోతు తవ్వల్లంట?" అని అడిగాను.

"నీళ్ళు పడేదాకా అంటాండాడు శ్రీరంగప్ప. ఇంగ కొంచెం తవ్వితే నీళ్ళు కాదు చిన్నక్కా, భూమికి ఆ పక్కనుండే వాళ్ళు తలకాయ పైకి పెట్టి, 'మా ఇంట్లోకి యాలప్పా వచ్చినారు' అని అడుగుతారు" అన్నాడు కుళ్ళాయప్ప.

నోట్లో టీ పెట్టుకున్న ఈరన్నకు నవ్వు ఆగలేదు. టీ చొక్కా మీద పడింది. కుళ్ళాయప్ప వాడి భుజం మీద చెయ్యి వేసి "మింగు, మింగు, సస్తావు" అంటున్నాడు. పొయ్యి పక్కనుంచి బయ్యన్న నొక్కాడు. ఆ వెంటనే కెమెరా లోపల గిర్రుమని తిరగడం మొదలైంది. అంటే రీలు అయిపోయి వెనక్కి చుట్టుకుంటోందని అర్థం.

నాగన్న ఎగిరి లేచాడు. "ఏమప్పా బయ్యన్నా, ముగ్గురం ఉండాము కదా! ముగ్గురిని తీస్తారా ఎవురన్నా?"

మా వైపు ముగ్గురిని ఒక ఫోటోలో తీయరు. మధ్యలోవాడికి మంచిది కాదంటారు. తెలియక తీస్తే, వెంటనే నాలుగోదాన్ని ఏదైనా చేర్చి ఇంకోటి తీయాలి. మనిషి దొరక్కపోతే మేకను పట్టుకుంటారు. అదీ లేకపోతే పక్కన ఒక రాయి పెట్టుకుంటారు. పెళ్ళిళ్ళలో రాయిని ఒళ్ళో పెట్టుకొని ఫోటో దిగినవాళ్ళు నాకు తెలుసు.

"ఇంగోటి తియ్యి బిరీన. చిన్నక్కా, నువ్వొచ్చి కూచో" అన్నాడు నాగన్న.

"రీలు అయిపోయిందన్నా" అన్నాడు బయ్యన్న, తప్పు చేసినవాడిలా కెమెరా చూపిస్తూ.

"గమ్మునుండు నాగన్నా. నేను పోతే నా ఉగ్గాని కుళ్ళాయప్ప తింటాడు, అంతే కదా" అని ఈరన్న చొక్కా తుడుచుకున్నాడు. ముగ్గురూ బావి పనికి పోయారు. మరుసటి వారం నాగన్న బెంగళూరుకు పోయి అక్కడే కూలి చూసుకున్నాడు.

ఆ నెల దాటకముందే ఈరన్న చనిపోయాడు. బావి లోపల వాడు రాళ్ళు నింపుతాడు, పైన కుళ్ళాయప్ప క్రేను దగ్గర ఉండి తొట్టి లాగుతాడు. తొట్టి సగం దూరం పైకి వచ్చాక ఇనుప తాడు తెగింది. అంత బరువూ వాడి మీద పడింది. పైకి తెచ్చాక ముఖం మీద గుడ్డ వేశారు. ఆ గుడ్డ మళ్ళీ ఎవరూ తీయలేదు. కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీసే గతి కూడా లేదు. బయ్యన్న కెమెరా లేకుండా పోయి మట్టి వేసి వచ్చాడు.

మట్టి వేసిన చోటే శ్రీరంగప్ప గొంతు సవరించుకున్నాడు. "ముగ్గురిని కూచోబెట్టి ఫోటో తీసినాడు కదప్పా బయ్యన్న. సూడండి, మధ్యలోనోడే పోయినాడు. ఏం చేస్తాము, ఎవురి నొసటన ఏముండాదో."

అంతే. ఊరికి ఆ మాట చాలు. తాడు ఎట్లా తెగింది, ఎన్నాళ్ళ తాడు అది, మార్చకుండా ఎందుకు ఉన్నారు అని ఒక్క నోరు లేవలేదు. తాడు అంటే శ్రీరంగప్ప పేరు రావాలి. శ్రీరంగప్ప పేరు వస్తే రేపు కూలి ఉండదు. ఫోటో అంటే బయ్యన్న పేరు, వాడు ఎవరికి కూలి ఇస్తాడు పాపం! వాడిని చూసి ఆడవాళ్ళు పిల్లల ముఖాలకు కొంగు అడ్డం పెట్టుకున్నారు. నా బెంచీ మీద ఎవరూ కూర్చోవడం లేదు. బజ్జీలు పొట్లం కట్టించుకొని దూరంగా నిలబడి తింటున్నారు. ఒకరోజు పొద్దున వచ్చి చూస్తే బెంచీ మీద ఎవరో పేడ కొట్టి పోయారు.

ఈరన్న తల్లి తిరుపాలమ్మ నడిరోడ్డు మీద నిలబడి శాపనార్థాలు పెట్టింది. "నా కొడుకును డబ్బాలో పెట్టుకొని పోయినావు కదరా! నీ కండ్లు పోను!" బయ్యన్న తల దించుకొని నిలబడ్డాడు. బిడ్డ పోయిన తల్లితో ఏం వాదిస్తాం?

ఆమె వెళ్ళాక కోడలు మల్లీశ్వరి వచ్చింది. ఈరన్న పెళ్ళాం. రోడ్డు వైపు నుంచి కాదు, కాంపౌండు గోడ పక్కగా, ఎవరూ చూడకుండా.

"చిన్నక్కా, ఆ ఫోటో ఉండాదా?"

"ఏంటికమ్మా నీకు?"

"దివసం నాడు పటానికి దండెయ్యల్ల. మా దగ్గర ఆయప్పది ఒక్కటి కూడా లేదు. పెండ్లి గుడిలో చేసినారు, ఫోటోలు తీసేవాడు రాలేదు. రేషన్ కార్డుకు ఫోటో తీసిన దినం ఆయప్ప బెంగళూరులో ఉండాడు. పిల్లోడికి మాటలే రాలేదింగా. వాళ్ళ నాయన మొగం యాడ సూపించల్ల నేను?"

చూశారా! వాడిని చంపిందని ఊరంతా తిట్టే ఫోటో ఒక్కటే వాడి ముఖం ఉన్న ఫోటో.

బయ్యన్న అప్పటికే రీలు కడిగించి తెచ్చాడు. భయపడి ఎవరికీ చూపించలేదు. పెట్టెలోంచి తీసి ఆమె చేతికి ఇచ్చాడు. మల్లీశ్వరి చూసింది. అట్లాగే చూస్తూ ఉంది. "ఇంట్లో ఇట్ల నవ్వి ఎన్నాళ్ళయిందో" అంది. ఫోటో తడవకుండా దూరంగా పట్టుకొని ఏడ్చింది.

బయ్యన్న అనంతపురం పోయి స్టూడియో ఆయనను అడిగాడు. పక్కన ఇద్దరినీ కోసేసి ఈరన్న ఒక్కడినే పెద్దది చేయవచ్చు అన్నాడాయన. కానీ భుజం మీద కుళ్ళాయప్ప చెయ్యి ఉంది. మణికట్టు దాకా కోసినా వేళ్ళు మిగులుతాయి. రంగు పూసి చెరిపేయవచ్చు, అయితే అక్కడ భుజం మీద పుండు లేచినట్టు ఉంటుంది. మెడ దాకా కోసేస్తే తలకాయ ఒక్కటే మిగులుతుంది. ఇదంతా బయ్యన్న వచ్చి మల్లీశ్వరికి చెప్పాడు.

"చెయ్యి ఉండనీ అన్నా" అంది ఆమె.

ఈ సంగతి ఎట్లా పాకిందో, కుళ్ళాయప్పకు చేరింది. శ్రీరంగప్పనూ ఇంకో ఇద్దరు పెద్దమనుషులనూ వెంటబెట్టుకొని నా బండి దగ్గరికి వచ్చాడు. మనిషి సగమైపోయాడు. జ్వరం అన్నారు. నవ్వే ముఖం కాదది.

"బయ్యన్నా, ఆ నెగటివ్ కాల్చెయ్. సచ్చినోడి పటంలో నా చెయ్యి ఉండకూడదు. నేను బతికుండా. దండేసిన పటంలో బతికినోడి చెయ్యి ఉంటాదా యాడన్నా?"

బయ్యన్న మెల్లగా అన్నాడు, "కాల్చేస్తే ఈరన్న యాడుంటాడన్నా?"

"పోయినోడు పోయినాడు" అన్నాడు శ్రీరంగప్ప. "ఉండేవాళ్ళ సంగతి సూడల్ల కదా. ఊరంతా బయపడతాండాది. కాల్చేస్తే అయిపోతాది. లేకపోతే నువ్వు ఈ బజారులో కెమెరా పట్టుకొని తిరిగేదానికి లేదు. ఈ బండి సంగతి కూడా ఆలోచన చెయ్యల్సి వస్తాది, గోడ నాది."

"ఏమప్పా శ్రీరంగప్పా" అన్నాను, "మావోడు ఈరన్న ఫోటో తీసే బదులు నీ క్రేను తాడు ఫోటో తీసింటే బాగుండు. పోగులు ఎన్ని లేచినాయో అందరమూ సూసేవాళ్ళం."

ఆయన ముఖం నల్లబడింది. పెద్దమనుషులు రోడ్డు మీద పోయే లారీలను చూడడం మొదలుపెట్టారు. కుళ్ళాయప్ప మాత్రం తన కుడిచెయ్యి లుంగీలో దాచుకున్నాడు. ఎందుకు దాచుకున్నాడో నాకు అప్పుడు తెలియలేదు.

బయ్యన్న కాల్చలేదు. వాడికి గొంతు లేవదు, ఎవరినీ ఎదిరించడు. అదే మాట మళ్ళీ మళ్ళీ చెబుతాడు. "మల్లీశ్వరి అడిగింది. ఆయమ్మ వద్దంటే కాలుస్తా." వాళ్ళు తిట్టారు, వాడు అదే అన్నాడు. మరుసటి రోజు శ్రీరంగప్ప మనుషులు వచ్చి నా బండిని గోడ నీడలోంచి తోయించారు. రోడ్డుకు అవతల, చెట్టూ చేమా లేనిచోట, లారీల దుమ్ములో మళ్ళీ పొయ్యి పెట్టుకున్నాను. బయ్యన్న నీళ్ళు మోసి పెట్టాడు. "నా వల్లే కదక్కా" అన్నాడు. "నోరు మూసుకొని ఉల్లిగడ్డలు కొయ్" అన్నాను.

దివసం నాడు పటం తీసుకొని ఇద్దరమూ ఈరన్న ఇంటికి పోయాం. తిరుపాలమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆ బొమ్మ నా ఇంట్లోకి వస్తే నేను బయటికి పోతానని అంతకు ముందే చెప్పింది. మల్లీశ్వరి ఏమీ వినిపించుకోనట్టు పటాన్ని పీట మీద పెట్టింది. నవ్వుతున్న ఈరన్న. చొక్కా మీద టీ మరక. భుజం మీద వేళ్ళు.

కొంతసేపటికి తిరుపాలమ్మ మెల్లగా ఇటు తిరిగింది. దగ్గరికి జరిగింది. పటం మీద వేలు పెట్టి, "ఈ పన్ను సూడు. చిన్నప్పుడు బండి మీదనుంచి పడి ఇరగ్గొట్టుకున్నాడు" అంది. ఇంకా ఏదో చెప్పబోయి పటాన్ని ఒళ్ళోకి లాక్కుంది. మేం దండ వేయడానికి ఆమె దగ్గరి నుంచి దాన్ని తీసుకోవలసి వచ్చింది.

అప్పుడు చూస్తే గడప బయట కుళ్ళాయప్ప. ఎప్పుడు వచ్చాడో.

"లోపలికి రా అన్నా" అంది మల్లీశ్వరి.

"రాను." వాడు పటం వంక చూసి కళ్ళు దించుకున్నాడు. "ఆ చెయ్యి తీపించెయ్ మల్లీశ్వరీ. నీ కాళ్ళు పట్టుకుంటా."

"బతికినోడి చెయ్యి అనే కదా నీ బయం?"

"కాదమ్మా." వాడు కుడిచెయ్యి ముందుకు చాపాడు. "తాడు పోగులు లేచినాయి. ఆ పొద్దున్నే సూసినా. శ్రీరంగప్పకు చెప్పినా. ఈ వారం గడుపు, కొత్తది తెస్తా అన్నాడు. కిందికి దిగొద్దప్పా అని ఈరన్నకు ఒక్క మాట చెప్పల్ల. చెప్పలేదు. పని పోతాదని చెప్పలేదు. ఆ చేత్తోనే తొట్టికి ముడి ఏసినా."

తిరుపాలమ్మకు సగమే వినపడింది కాబోలు, "ఏమంటాండాడు? ఏమంటాండాడు?" అని అడుగుతోంది.

మల్లీశ్వరి గడప దగ్గరికి వచ్చింది. "ఇన్ని దినాలు ఫోటో మీదికి తోసేసి ఊరుకున్నావు కదన్నా. ఈ బయ్యన్నను అందరూ ఉమ్ముతాంటే సూస్తా ఉన్నావు."

"ఉన్నా."

"చెయ్యి తీస్తే ఆయప్ప భుజం కూడా పోతాదంట. నీకోసం ఆయప్ప భుజం కొయ్యల్లనా? ఆడనే ఉంటాది. పో."

తినిపొమ్మని ఎవరూ అనలేదు. వాడు పోయాడు. ఆ నెలలోనే పెళ్ళాం బిడ్డలతో బెంగళూరు బస్సెక్కాడని తెలిసింది. ఆ మాట వాడు ఊళ్ళో మళ్ళీ ఎక్కడా చెప్పలేదు. ఇంట్లో విన్నవాళ్ళం మేమే చెప్పాం. నేనైతే బజ్జీ అడిగిన ప్రతివాడికీ చెప్పాను. విన్నవాళ్ళు విన్నారు. కొందరు "అయినా ముగ్గురిని తీయకుండా ఉండాల్సింది" అన్నారు. శ్రీరంగప్ప కొత్త తాడు తెప్పించి పని సాగించాడు. ఆ బావిలో ఇప్పటికీ నీళ్ళు లేవు.

పటం మల్లీశ్వరి ఇంట్లో ఉంది. పిల్లోడు దాన్ని చూసి నాయన అంటాడు. ఒక్కోసారి ఆ వేళ్ళ మీద వేలు పెట్టి ఇది ఎవురు అని అడుగుతాడంట. ఆమె ఏం చెబుతుందో నేను అడగలేదు.

బయ్యన్నను బజారులో తిరగొద్దని ఇప్పుడు ఎవరూ అనడం లేదు. అయినా వాడు రాప్తాడులో పెద్దగా తీయడు. గుత్తికి పోతాడు, రాయదుర్గానికి పోతాడు. జీన్స్ కుట్టే చోట్ల నుంచి జుట్టు నిండా నీలం నూగుతో బయటికి వచ్చే ఆడపిల్లల ఫోటోలు తీసుకొచ్చాడు మొన్న. బాగానే ఉన్నాయి. కానీ ముందు మాదిరి లేవు. ఎందుకు లేవో నేను ఒకసారి వెంట పోయి చూశాను. కెమెరా కన్నుకు పెట్టుకున్నాక ఇదివరకు వెంటనే నొక్కేవాడు. ఇప్పుడు ఆగుతున్నాడు. పెదవులు కదులుతాయి. ఎదురుగా ఎన్ని తలలు ఉన్నాయో లెక్క పెట్టుకుంటున్నాడు. ఆ లోపల వాళ్ళు వాడిని చూసేస్తారు, వాళ్ళ నవ్వు ఆగిపోతుంది. అప్పుడు నొక్కుతాడు.

అడిగితే, "లేదక్కా, నేనేం లెక్క పెట్టలేదు" అంటాడు.